రాయితీ ఎవరి పేరున?

నీళ్లకు కొత్తగా ఛార్జీలు పెట్టి మూడు నెలలైందో లేదో, మీటరాయన పానా పట్టుకుని కుళాయి గొట్టం ముందు చతికిలబడ్డాడు. కోడలు పరుగున వచ్చి చెయ్యి అడ్డం పెట్టింది.

"నీళ్లు ఆపొద్దన్నా, నీకు పుణ్యముంటుంది. బిల్లు కట్టే దారి లేదు."

"ఇద్దరే ఉన్న ఇంట్లో ఇంత వాడకమా? చెరువేమైనా నింపుతున్నారా?"

కిటికీ అవతల మంచం మీంచి మామగారు అందుకున్నాడు. "మా కోడలు చాటుగా ఏనుగును పెంచుతోందయ్యా! దానికి పూటకో స్నానం. నా కంట మాత్రం పడనివ్వదు."

మీటరాయన నవ్వుతూనే పానా బిగించాడు. "ఇంట్లో మంచం పట్టి, పక్క తడిపేవాళ్లుంటే చెప్పమ్మా. రాయితీ ఉంది, పాత బాకీ కూడా కొట్టేస్తారు."

కోడలు కిటికీ వైపు చూసింది. నడుము కింద స్పర్శ పోయాక ఆయనకు పక్క తడిసిన సంగతే తెలియదు. పూటపూటకూ దుప్పటి మారుస్తూ, ఎందుకని అడిగితే చెమట పట్టిందని నమ్మించింది.

"ఎవరూ లేరన్నా."

"మరి దండెం నిండా ఆ దుప్పట్లేంటి?"

"నాకు శుభ్రం పిచ్చి."

"అయితే నేనేం చెయ్యను?" పానా ఒక చుట్టు తిరిగింది. ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది గాని మాట మార్చలేదు.

కిటికీలోంచి మామగారి గొంతు, ఎప్పుడూ లేనంత చిన్నగా వినపడింది.

"ఆపు నాయనా. పక్క తడిపే ముసలాడు ఒకడున్నాడని రాసుకో."

"మామయ్యా, అది..."

"నువ్వుండమ్మా. రాశావా నాయనా? ఇక కాస్త అటు తిరుగు. మా కోడల్ని ఏడవనీ."