నిండుకున్నాయి

లారీలకు లోడ్లు కుదిర్చే లోడుపెట్టెను వంటగదిలోనే పెట్టాలని కంపెనీ షరతు. లారీ ఉన్న ప్రతి ఇంట్లో అది పగలంతా వింటుంది. ఇంట్లో అవసరం ఎంత ముదిరిందో విని, అంతకు తగ్గట్టు కిరాయి కోస్తుంది. అందుకే జగ్గయ్యపేటలో ఒక్క లారీతో బతికే వాళ్లెవరూ ఇంట్లో 'లేదు' అనరు, 'అయిపోయింది' అనరు.

నాంచారయ్య లారీ లోడు లేక తొమ్మిది రోజులుగా వాకిట్లోనే ఉంది.

"బియ్యం నిండుకున్నాయయ్యా," అంది భార్య పేరిందేవి, పెట్టెకు వినపడేలా. ఖాళీ డబ్బాను నిండుకుందనడం ఆడవాళ్ల పాత అలవాటు. పెట్టె దాన్ని నిండిందనే అనుకుంటుందని ఇద్దరికీ ధీమా.

"మరి కందిపప్పో?"

"అదీ నిండుకుంది."

నోటికి చేతులు అడ్డం పెట్టుకుని నవ్వుకున్నారు.

అంతలో పెట్టె పలికింది. "నాంచారయ్యగారూ, బరంపురానికి సిమెంటు లోడుందండీ. సగం కిరాయి."

"సగమేంటండీ! ఇంట్లో అన్నీ నిండుగా ఉన్నాయి. మాకేం తొందర లేదు."

"సంతోషమండీ. మూడు రోజులుగా అన్నీ నిండుకుంటున్నాయని నేనూ వింటున్నాను. కుక్కరు విజిల్ మాత్రం ఒక్కసారీ వినపడలేదు."

పేరిందేవి గబగబా కుక్కరులో చెంబెడు నీళ్లు పోసి, మూత బిగించి, స్టవ్ వెలిగించింది. కాసేపటికి విజిల్ గట్టిగా వచ్చింది.

"అవి ఉత్త నీళ్లండీ అమ్మగారూ," అంది పెట్టె మర్యాదగా. "ఇప్పుడు పావు కిరాయి."