బోర్లించిన మూడో కార్డు

రచయిత్రి ప్రతి పాత్రకూ జోస్యం చెప్పే టారో కార్డులు మూడు తీస్తుంది. మొదటిది అతనెవరో, రెండోది ఏం పోగొట్టుకున్నాడో చెబుతాయి. ఏం చేస్తాడో చెప్పే మూడోదాన్ని కథ ముగిసేదాకా బోర్లించే ఉంచుతుంది.

ఆ రాత్రి మొదటి కార్డులో లాంతరు పట్టుకున్న ముసలి సన్యాసి వచ్చాడు. రెండోదాంట్లో గుర్రమెక్కిన పసిపాప. ఆ ముసలాయన తప్పిపోయిన కూతుర్ని వెతుక్కుంటూ ఇంటింటికీ తిరుగుతాడని రాసుకుంది. కొత్త ఇల్లు కల్పించడానికి బద్ధకించి, తమ ఇంటి మెట్లే పెట్టేసింది. పదకొండో మెట్టు మీద అతన్ని ఆపి, కలం పక్కన పెట్టింది.

చెల్లెలు నిద్రకళ్లతో గదిలోంచి వచ్చింది.

"అక్కా, మెట్ల మీద లాంతరు పట్టుకుని ఎవరో ముసలాయన. పాపం, కిటికీలోంచి నన్ను చూసి 'తల్లీ' అంటున్నాడు. ఉండు, తలుపు తీసొస్తా."

రచయిత్రి చెయ్యి మూడో కార్డు మీదికి పోయింది. తిప్పేలోపే గొళ్లెం తీసిన చప్పుడైంది.