మీట లేని ఇరుసు

"జీపుకి లాకర్ అంటే లాకరే. సగం సగం పట్టుకునేవాటి జోలికి ఎవరు పోతారు," అన్నాడు కెతిల్. చేతిలో సూది ఉంది, దారం ఎక్కడం లేదు.

"నాకు మీట వద్దు. దానంతటది పనిచేసేది కావాలి," అంది స్టెయినున్. పొద్దున కాఫీ దగ్గర మొదలైన మాట ఇది. మధ్యాహ్నమైనా ఇద్దరూ ఒక్క మెట్టు దిగలేదు.

బల్ల మీద శుభ్రం చేసిన గొర్రె పొట్టలు, పక్కన గిన్నెలో నెత్తురూ రై పిండీ కొవ్వు ముక్కలూ కలిపిన ముద్ద. గొర్రెలు కొండ దిగి, వాటిని కోసే రోజులైపోయాక, చలికాలం తిండికని ఇంటిల్లిపాదీ కూర్చుని ఆ ముద్దని పొట్టల్లో కూరి కుట్టే పని. కొడుకు బ్రాగి, కూతురు స్వాన్‌విత్ పట్నం నుంచి అందుకే వచ్చారు. బ్రాగికి జీపుల మరమ్మతు షెడ్డుంది. వెళ్లేటప్పుడు ఇంటి జీపుని కూడా పట్టుకెళ్లి, మంచు ముదిరేలోపు ఇరుసులకి కొత్త డిఫరెన్షియల్, అంటే ఇంజిను బలాన్ని రెండు చక్రాలకీ పంచే పళ్ల పెట్టె, బిగించి తేవాలి. ఏది బిగించాలన్నదే తగువు.

"ఇప్పుడున్నది వట్టి మూర్ఖపుది," అన్నాడు బ్రాగి. "ఏ చక్రం ఐసు మీద ఊరికే తిరుగుతుంటే బలమంతా దానికే పోస్తుంది. మార్చడం ఖాయం. లాకర్ వేశామనుకో, మీట నొక్కగానే రెండు చక్రాలూ ఒక్క కడ్డీకి గుచ్చినట్టు తిరుగుతాయి. నడుములోతు మంచులోంచైనా లాక్కొస్తుంది. అమ్మ అడిగేది దానంతటదే పట్టుకుంటుంది గానీ, ఒక చక్రం గాల్లోకి లేచిందంటే చేతులెత్తేస్తుంది."

"అప్పుడు బ్రేకు మీద కాలు మెత్తగా ఆనించాలి. మళ్లీ పట్టుకుంటుంది," అంది స్టెయినున్. "ఏం చెయ్యాలి, కెతిల్?"

"నన్నెందుకు అడుగుతావు?"

"చెప్పు."

"బ్రేకు మీద కాలు ఆనించాలి. నేనేమన్నా బడికొచ్చానా?"

"మెత్తగా," అంది ఆమె.

స్వాన్‌విత్ నవ్వింది. "నాన్నకి పరీక్ష పెడుతున్నావా అమ్మా? అది సరే, పొట్టలు ఇంతేనా? పోయినేడు బల్ల మీద పట్టలేదు."

"అన్ని ఎవరు తింటారు," అంది స్టెయినున్.

కెతిల్‌కి ఆ మాట గుచ్చుకుంది. తినేవాళ్లు తగ్గడం కొత్త కాదు. లోయలో పొగ లేచే ఇల్లు తమదొక్కటే మిగిలింది. పక్కింటి వాళ్లు గొర్రెల్ని అమ్మేసి తాళం వేసుకుపోయారు. బడి మూశారు. మంచు తోసే బండి కనుమ దాకా ఎప్పుడొస్తుందో దానికే తెలియదు. కొట్టుకైనా, డాక్టరుకైనా, చర్చికైనా కనుమ దాటాల్సిందే. అక్కడ జీపు ఇరుక్కుంటే వెతుక్కుంటూ వచ్చే మనిషంటూ లేడు.

అయినా ఇన్నాళ్లూ అతనికి భయం తెలియదు. స్టీరింగు ముందు స్టెయినున్ ఉండేది. బడి ఉన్నన్నాళ్లూ లోయ పిల్లలందర్నీ ఆ కనుమ దాటించింది ఆమే. ఆ బడి బండికి రెండు ఇరుసులకీ లాకర్లుండేవి. మీటల్ని చూడకుండా, పిల్లల్ని కసురుతూనే వేసేది, తీసేది. అలాంటి మనిషి ఇవాళ మీట వద్దంటోంది.

"వయసు మీద పడింది మీ అమ్మకి. ధైర్యం చచ్చింది," అన్నాడు పిల్లలతో.

"పోయిన ఫిబ్రవరిలో ధైర్యంగా నడిపిందెవరు?" అంది స్టెయినున్.

కెతిల్ తల దించుకున్నాడు. ఆమెకి మోకాలు నొప్పంటే ఆ రోజు బ్రాగి దగ్గర అరువు తెచ్చిన జీపుని తను నడిపాడు. మంచులో లాకర్ వేసి, గట్టి దారి వచ్చాక తియ్యడం మరిచిపోయాడు. మలుపులో చక్రాలు పక్కకి తిరగనన్నాయి. బండి తిన్నగా పోయి అంచున ఆగింది. కింద లోయ. ఆమె కేకలెయ్యలేదు. చెయ్యి చాపి మీట తీసి, "ఇప్పుడు తిప్పు," అంది, అంతే.

"ఒకసారి మరిచిపోయాను. నడిపేది నువ్వయితే నా మరుపుతో పనేంటి?"

ఆమె ఇంకో పొట్ట అందుకుని కూరసాగింది. ఈ మధ్య ఆమె తీరే మారింది. మోకాలు చూపించుకోవాలని పట్నం వెళ్లడం, రాత్రి స్వాన్‌విత్ ఇంట్లో ఉండిపోవడం, తిరిగొచ్చి కిటికీ దగ్గర కూర్చోవడం. తమతో వచ్చి ఉండమని కూతురు రెండేళ్లుగా అడుగుతూనే ఉంది. లెక్క తేలిపోయిందనిపించింది కెతిల్‌కి. సూది బల్ల మీద పెట్టేశాడు.

"నిజం చెప్పు. స్వాన్‌విత్ దగ్గరికి వెళ్లిపోతున్నావు. ఈ చలికాలం నేనూ గొర్రెలూ ఇక్కడ. అందుకే నాకు ఆటబొమ్మ బండి కొనిపెడుతున్నావు."

"నాన్నా, నాతో అలాంటి మాటేం అనలేదు," అంది స్వాన్‌విత్.

"ఎక్కడికీ పోవట్లేదు," అంది స్టెయినున్. "పట్నంలో నాకు నిద్ర పట్టదు. నా మంచం ఇక్కడే ఉంటుంది."

కెతిల్‌కి ఊపిరి తిరిగొచ్చింది. "అలా అయితే మొండితనం మాను. చేతిలో విద్య పెట్టుకుని పిల్లలాట బండి దేనికి?"

"నాన్న అన్నదీ నిజమే కదమ్మా," అన్నాడు బ్రాగి. "నడిపేవాళ్లను బట్టే ఏదైనా బిగించేది."

"నేను చెప్పేదీ అదేరా. నడిపేవాళ్లను బట్టే బిగించు."

చేతిలో ఉన్న పొట్టకి ఆఖరి కుట్టు వేసి దారం తెంపింది. కెతిల్ ముందున్న సూది తీసి, దారం ఎక్కించి, మళ్లీ అతని వేళ్ల మధ్య పెట్టింది. ముగ్గురి వంకా ఒక్కొక్కరినే చూసింది.

"రెండు ఇరుసులకీ మీట లేనిదే. రేపు తీసుకెళ్లు." గొంతు పెంచలేదు. "పట్నం డాక్టరు చూసింది మోకాలు కాదు. ఈ చలికాలం నన్ను పాతిపెట్టాక ఈ కనుమలో నడిపేది మీ నాన్నొక్కడే."