గట్లు వంగిన చోట

“ఇక్కడ నేల కుంగుతోంది,” అన్నాడు గద్ద, తెర మీద వేలు ఆనించి. “పొలం గట్లన్నీ తిన్నగా వస్తూ వస్తూ ఈ చోట ఎలా వంగిపోయాయో చూడండి. గుండ్రంగా, సుడి తిరిగినట్టు. కింద పాత బొగ్గు గని ఉంది. పైన ఊరుంది.”

ఉపగ్రహ చిత్రాలు చదివే ఆ ఆఫీసులో అందరూ అతన్ని గద్ద అనే పిలుస్తారు. అంత ఎత్తు నుంచి తీసిన బొమ్మలో చిన్న మచ్చ కనిపిస్తే చాలు, అది ఇటుకబట్టీయో, పూడిపోయిన బావో, గొర్రెల దొడ్డో ఇట్టే చెప్పేసేవాడు. ఆ పేరంటే అతనికి లోలోపల గర్వం.

బల్లకు అవతల కూర్చున్న సెక్షన్ హెడ్ ఆ చిత్రాన్ని చాలాసేపు చూసింది. ఆమె అతని భార్యే. ఆ కుర్చీ ఇద్దరిలో ఎవరో ఒకరికి దక్కాల్సి వచ్చినప్పుడు ఆమెకు దక్కింది. ఆ రోజు ఆఫీసంతా తిరిగి మిఠాయిలు పంచింది అతనే. ఒక్క ముక్క కూడా నోట్లో వేసుకోనిదీ అతనే.

“మీరేమంటారు?” అంది ఆమె పక్కకు తిరిగి.

అడిగింది కొత్తాయన్ని. చేరి ఏడాది కూడా కాని మనిషిని.

“నాకు తేడా ఏమీ కనిపించడం లేదు మేడమ్,” అన్నాడు కొత్తాయన. “ పాత చిత్రంలో ఎలా ఉందో ఇందులోనూ అలాగే ఉంది.”

“అయితే మార్పు లేదనే రాసి పంపిద్దాం,” అంది ఆమె, మొగుడి మొహం చూడకుండా.

కాఫీ మెషీన్ దగ్గర పాత స్నేహితుడు భుజం తట్టాడు. “ఇంట్లోనూ ఆవిడే, ఇక్కడా ఆవిడే. నీకు ఆలోచించే పనే లేదురా.”

గద్ద నవ్వాడు. కాఫీ కప్పు మాత్రం సగంలోనే చెత్తబుట్టలో పడేశాడు.

కుర్చీ సంగతి ఎలాగో దిగమింగాడు. మింగుడుపడనిది కొత్తాయన వ్యవహారం. అద్దాల గదిలో వాళ్ళిద్దరూ తలలు దగ్గర పెట్టుకుని మాట్లాడుకుంటారు. అతను తలుపు తోయగానే మాట ఆగిపోతుంది. ఒకసారి తలుపు ఓరగా ఉంటే ఆమె గొంతు స్పష్టంగానే వినిపించింది.

“మీరు లేకపోతే నేనేమైపోయేదాన్నో.”

పెళ్ళయిన ఇన్నేళ్ళలో తనతో ఆ మాట ఎప్పుడైనా అందా అని గద్ద ఆ రోజంతా వెతుక్కున్నాడు. దొరకలేదు.

మర్నాడు కొత్తాయన బల్ల మీద తన చిత్రాలే కనిపించాయి. తను చదివి, గుర్తులు పెట్టి ఇచ్చేసినవి. వాటి మీద ఎర్ర పెన్సిలు గీతలున్నాయి.

“ఇవి నావి కదా?”

కొత్తాయన మొహం పాలిపోయింది. “ఊరికే సార్... మీ దగ్గర నేర్చుకుందామని.”

“నేర్చుకుందామనా, కాజేద్దామనా?”

కొత్తాయన తల వంచుకుని చిత్రాలన్నీ గబగబా సొరుగులో పెట్టేశాడు. దొరికిపోయిన దొంగ ఇలాగే ఉంటాడనుకున్నాడు గద్ద.

ఆదివారం ఇంటికి వచ్చిన వెల్డరుతో గొడవైంది. కొత్త కిటికీ ఊచలు వంకరగా బిగించావని గద్ద కేకలేశాడు. బాగానే ఉన్నాయి కదండీ అని వెల్డరు నెత్తీనోరూ కొట్టుకున్నాడు. ఆమె బయటికొచ్చి ఊచల వంకా, మొగుడి వంకా చూసి, “బాగానే ఉన్నాయిలెండి, మీరు వెళ్ళండి,” అని వెల్డర్ని పంపించేసింది.

అంతే, అన్నాళ్ళూ బిగబట్టుకున్నదంతా బయటికొచ్చేసింది.

“ఇంట్లో కూడా నా మాట చెల్లదన్నమాట. సరే, ఒకటడుగుతాను, నిజం చెప్పు. వాడంటే నీకెందుకంత ఇది?”

“ఎవరు?”

“తెలియనట్టు మాట్లాడకు.”

ఆమె కుర్చీలో కూలబడింది. “అతను నాకు తమ్ముడి లాంటివాడండీ.”

“మరి నేనేమవుతాను? నేను మొత్తుకుని చెప్పింది గాలిమాట. వాడు నోరు తెరిస్తే వేదం. ఆ ఊళ్ళో బడి ఉంది తెలుసా? రేపు అది పిల్లలతో సహా కుంగిపోతే, మార్పు లేదని సంతకం పెట్టిన నీకు అన్నం సహిస్తుందా?”

ఆమె పెదవి కొరుక్కుంది. లేచి లోపలి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఏడుస్తోంది కాబోలు, ఏడవనీ అనుకున్నాడు. కాస్సేపటికి చేతిలో ఒక కాగితంతో వచ్చింది.

“ఆ పొలాల గట్లు మాత్రం విడిగా కాగితం మీదకి దించాను. ఇంకెవరికీ చూపించలేదు. ముందు మీకే.”

ముందు మీకే అన్న మాటకు అతని కోపం సగం చల్లారింది. కాగితాన్ని వెలుతురులోకి తీసుకెళ్ళాడు. అడ్డంగా, నిలువుగా గీతలు. చూస్తూనే మొహం విప్పారింది.

“ఇదిగో, ఇక్కడ. బొజ్జలా పొంగలేదూ?”

“ఆ కింది మూల?” అంది ఆమె.

“అక్కడా అంతే.”

“ఈ పక్క?”

“ఇక్కడ ఇంకా ఎక్కువ. ఎక్కడ చూస్తే అక్కడ వంపే. నేననుకున్న దానికంటే పెద్దదే ఇది. ఊరు ఊరంతా దిగిపోతోంది. రేపు వాడి ముందే చెప్పాలి నువ్వు, నేను చూసిందే నిజమని.”

ఆమె అతని చెయ్యి పట్టుకుంది. కళ్ళ నిండా నీళ్ళు. ఒప్పుకోవడం కష్టంగానే ఉంటుంది మరి, అనుకున్నాడు గద్ద. గెలిచినవాడి పెద్దమనసుతో ఆమె తల నిమిరాడు.

“పోనీలే. పొరపాటు ఎవరికైనా జరుగుతుంది.”

ఆ గీతలన్నీ ఆమె ఇందాక లోపలి గదిలో స్కేలు పెట్టి తిన్నగా గీసినవే.