ఏడో బొమ్మ

"కండ్లు పెట్టకు నర్సయ్యా."

కుంచె గోడకు ఆనబోతుండగా వెనకనుంచి కొమురవ్వ అన్నది. సోమనర్సయ్య చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఇది నాలుగోసారి.

దొర పట్నం పారిపోయాక గూడూరు పక్కనున్న ఆ ఊళ్లో దొర తోట అందరిదీ అయింది. నైజాం మీద పోరాడే దళంలో చనిపోయినవాళ్ల బొమ్మలు తోటగోడ మీద వేయించాలని సంఘం తీర్మానించి, నకాషీ బొమ్మలు గీసే సోమనర్సయ్యను చేర్యాల నుంచి పిలిపించింది. ఊరంతా తలా ఓ చెయ్యి వేసింది. ఒకరు సుద్ద తెచ్చారు, ఇంకొకరు చింతగింజలు నూరి గంజి కాచారు. మా వాని మీసం గిట్ల కాదు, గట్ల అని దిద్దించినవాళ్లకైతే లెక్కే లేదు. ఆరు బొమ్మలు పూర్తయ్యాయి. మిగిలిన ఏడోది కొమురవ్వ కొడుకు సాయిలుది.

"మా పనిల కండ్లు ఆఖరుకు పెడతమవ్వా. అవి పెట్టకుంటే బొమ్మ అయినట్టు కాదు."

"అందుకే వద్దంటున్న. కండ్లు పెడితే నా కొడుకు సచ్చినోళ్లల్ల కలుస్తడు. వాని పీనుగ నువ్వు చూసినవా?"

చూడలేదు. ఎవరూ చూడలేదు. కొత్తగూడ అడవిలో కాల్పులు జరిగినప్పుడు ఆరు శవాలే దొరికాయి. సాయిలును వాగు ఎత్తుకుపోయిందన్నారు. ఊరు నమ్మింది, తల్లి నమ్మలేదు. విచిత్రమేమంటే, నైజాం పోలీసులూ నమ్మలేదు. వారానికోసారి వచ్చి ఆమె గుడిసెను తిరగేసిపోతున్నారు.

గోడను మాత్రం వాళ్లు ముట్టుకోలేదు. "సచ్చినోళ్ల బొమ్మలే కదా, ఉండనీయ్. చూసి బతికున్నోళ్లు భయపడుతరు" అని పోలీసు అమీను నవ్వి పోయాడట.

పొద్దుగూకితే తోటలో మిగిలేది వాళ్లిద్దరే. సోమనర్సయ్యకు వెనకాముందు ఎవరూ లేరు. ఊరివాళ్లు తమవాళ్ల బొమ్మలతో మాట్లాడి వెళ్లిపోయేవారే తప్ప, గీసినవాడిని పలకరించేవారు కాదు. కొమురవ్వ ఒక్కతే "తిన్నవా బిడ్డా" అనేది. ఆ ఒక్క మాట కోసం పొద్దంతా ఎదురుచూసేవాడు. అలాంటి మనిషి వద్దంటుంటే ఆ కళ్లు దిద్దడానికి అతనికి చేతులు రాలేదు.

సంఘం పెద్ద రాజయ్య ఊరుకుంటాడా? "రేపటికి ముగించాలె అన్నా. అవ్వను చూస్తే నాకూ పానం గుంజుతది. గని ఎన్నొద్దులు ఆగుతం?" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే సోమనర్సయ్య వచ్చేసరికి కొమురవ్వ గోడ ముందు నిలబడి ఉంది.

"కండ్లు పెట్టు నర్సయ్యా."

సాయిలు బతికే ఉన్నాడని ఇన్నాళ్లూ తనూ నమ్ముతున్నట్టు అతనికి అప్పుడే తెలిసింది. కుంచె తీసుకుని రెండు కళ్లూ దిద్దాడు.

అంతే, కొమురవ్వ గుండెలు బాదుకుని ఏడ్చింది. ఊరు ఊరంతా పరుగెత్తుకొచ్చింది. ఆడవాళ్లు ఆమెను పట్టుకుని కూర్చున్నారు. దొర మనిషిగా ఊళ్లో మిగిలిన పట్వారీ కాసేపు నిలబడి చూశాడు. "ఇగ ఆ గుడిసెల ఎతుకుడు దండుగ. అమీను సాబుకు చెప్పొస్త" అంటూ గూడూరు దారి పట్టాడు.

మధ్యాహ్నానికి అందరూ వెళ్లిపోయారు. సోమనర్సయ్య ఆమె పక్కన కూలబడ్డాడు.

"ఇన్నొద్దులు ఒప్పుకోకపోతివి. సచ్చిండని నీకు ఎవలు చెప్పిన్రవ్వా?"

కొమురవ్వ అటూ ఇటూ చూసింది. కొంగుతో ముఖం తుడుచుకుని అతని చెవి దగ్గరికి వంగింది.

"అట్ల చెప్పుమన్నది వాడే బిడ్డా. రాత్రొచ్చి, కడుపునిండ బువ్వ తిని పోయిండు."