రెండు సీసాల నెత్తురు

“సిస్టర్, మా ఆయనను ఖమ్మం ఎప్పుడు తీస్కపోతరు?” కమ్లి అడిగింది.

నర్సు ప్రమీలారాణి సెలైన్ సరిచేస్తూనే అంది. “ఫోన్ రావాలమ్మా. ఇది మూడోసారి చెప్పుడు.”

మూడోసారా? ఒక్కసారే అడిగినట్టు గుర్తు కమ్లికి.

మంచం మీద పూల్‌సింగ్ తలకు కట్టుతో గురక పెడుతున్నాడు. నిన్న పొద్దున పర్ణశాల దారి మలుపులో పత్తి ట్రాలీ పల్టీ కొట్టింది. అతని తల రాయికి తగిలి పన్నెండు కుట్లు పడ్డాయి. పక్కనే కూర్చున్న కమ్లి పత్తి బస్తాల మీద పడింది. ఒంటిమీద గీత కూడా లేదు.

ఆ దవాఖానాలో స్కానింగ్ లేదు. మెదడు నలిగితే నెత్తురులోకి ఒక ప్రొటీన్ దిగుతుందట. అదెంతుందో కొలిచే కొత్త పరీక్షకు డాక్టర్ వెంకటప్పయ్య రక్తం హైదరాబాద్ పంపాడు. అంకె పెద్దదైతే ఖమ్మం తీసుకుపోవాలి, ఆపరేషన్ కావచ్చు. పోల్చి చూడటానికి దెబ్బ తగలని మనిషి రక్తం కూడా ఒక సీసా కావాలన్నాడు. సూదిని చూడగానే మరిది జైరాం వరండాలోకి తప్పుకున్నాడు. కమ్లే చెయ్యి చాపింది.

“నీకేం దెబ్బ లేదు కదా?” అని నర్సు అడిగింది కూడా.

“నాకేం కాలే. ఆయనను జూడుండ్రి.”

జైరాం చాయ్ తెచ్చాడు. “తాగు వదినా. పొద్దటిది కక్కేసినవ్.”

“ఖాళీ కడుపు. గట్లనే అయితది.”

“అన్న మిరప చేను కాడ పండుకున్నట్టే పండుకున్నడు. నువ్వే ఊకె తిరుగుతున్నవ్.”

కూర్చుందామంటే ఆమెకు కాలు నిలవడం లేదు. ట్యూబులైటు కళ్లలో గుచ్చుతుంటే కొంగు ముఖం మీదికి లాక్కుంది. గుమ్మం దాకా వెళ్లి, ఎందుకు వెళ్లిందో తెలియక తిరిగొచ్చింది. ముగ్గురు పిల్లలు, రెండెకరాల చేను. ఈ మనిషి లేవకపోతే?

“సిస్టర్, ఖమ్మం ఎప్పుడు…”

బయట ఆంబులెన్స్ ఆగిన చప్పుడైంది. డాక్టర్ చేతిలో చీటీతో పరుగులాంటి నడకతో వచ్చాడు. కమ్లి మంచం కమ్మీ గట్టిగా పట్టుకుంది.

“అన్నది ఎంతొచ్చింది సారూ?” జైరాం అడిగాడు.

“తక్కువే. మీ అన్నకు భయం లేదు.”

కమ్లికి ఏడుపొచ్చింది. “మరి బండెందుకు సారూ?”

నర్సు వచ్చి ఆమె భుజాలు పట్టుకుంది. డాక్టర్ చీటీ మడిచాడు.

“పెద్ద అంకె నీదమ్మా.”