ఇందులో ఏమీ లేదు

"మాస్టారూ, మీ లాప్‌టాప్‌లో ఒక ఫైలు ఎంత గింజుకున్నా తెరుచుకోవడం లేదు. ఏముందండీ అందులో?"

స్టాఫ్ రూములో అందరికీ వినపడేలా అరిచాడు కంప్యూటర్ సారు. లెక్కల మాస్టారి చేతిలో సుద్దముక్క పుటుక్కున విరిగింది.

"ఏమీ లేదండీ," అన్నాడు మాస్టారు.

"ఫైలు పేరు కూడా అదే పెట్టారు. 'ఇందులో ఏమీ లేదు' అని. ఏమీ లేనిదానికి అంత తాళమెందుకండీ?"

"ప్రేమలేఖలేమో," అంది సైన్సు టీచరు, దిద్దుతున్న పేపర్ల మీంచి తలెత్తకుండా. "ఈ వయసులో రాస్తే దాచుకోవాల్సిందే మరి."

అందరూ నవ్వారు. మాస్టారు వంగి సుద్దముక్కలు ఏరుకున్నాడు.

స్కూలు ఇచ్చిన లాప్‌టాప్‌లకి వైరస్ పట్టిందని కంప్యూటర్ సారు పొద్దున్నే టీచర్లవన్నీ పోగేసి పట్టుకుపోయాడు. ఆ ఫైల్లో ఉన్నవి ప్రేమలేఖలే అయితే ఆయన ఇంత హడలిపోయేవాడు కాదు. ప్రతి సోమవారం అసెంబ్లీలో హెడ్‌మేడం "ఒక్క మాట చెప్పి ముగిస్తాను" అన్నాక ఎన్ని నిమిషాలు మాట్లాడిందో ఆరేళ్ళుగా అందులో రాసిపెట్టాడు. సగటు ఇరవై మూడు. గ్రాఫు కూడా గీశాడు. ఎండకి కళ్ళు తిరిగి పడిపోయిన పిల్లల లెక్క పక్క గడిలో ఉంది.

"హెడ్‌మేడం మిమ్మల్ని రమ్మంటున్నారు," అన్నాడు కంప్యూటర్ సారు. "ఫైలు సంగతి చెప్పాన్లెండి."

"చెప్పేశారా?"

"నా డ్యూటీ కదండీ!"

స్టాఫ్ రూము నుంచి హెడ్‌మేడం గదికి నలభై అడుగులు. రోజూ లెక్కపెట్టుకుంటూ నడిచే మాస్టారు ఇవాళ పదకొండు దగ్గరే లెక్క తప్పాడు. ఉద్యోగం ఊడినట్టే. ఎందుకు తీసేశారని ఇంట్లో ఆవిడ అడిగితే ఏం చెప్పాలి? గ్రాఫు చూపించాలా?

"తలుపెయ్యండి," అంది హెడ్‌మేడం.

వేశాడు.

"గడియ కూడా."

గడియ పెట్టాడు. ఆవిడ బల్ల మీద ఆయన లాప్‌టాప్ నోరు తెరుచుకుని కూర్చునుంది.

"ఏముంది ఇందులో?"

"నా... నా సొంత నోట్సు మేడం."

"మన కంప్యూటర్ సారు రెండు గంటలు కుస్తీ పట్టాడట. లొంగలేదట."

"లొంగదు మేడం. ఎన్‌క్రిప్షన్ అంటారు. పాస్‌వర్డ్ తెలియకపోతే ఆ సాఫ్ట్‌వేర్ తయారుచేసినవాడి తరం కూడా కాదు."

అనేశాక నాలుక కరుచుకున్నాడు. ఇక పాస్‌వర్డ్ అడగడమే తరువాయి. ఆవిడ లేచి కిటికీ తెర లాగింది. వచ్చి ఆయన మొహంలో మొహం పెట్టినంత దగ్గరగా వంగింది. మాస్టారు కళ్ళు మూసుకున్నాడు.

"నాక్కూడా వేసిపెట్టండి," అంది గొంతు తగ్గించి.

"ఏంటి మేడం?"

"అదేనయ్యా, ఆ తాళం! మధ్యాహ్నం కంప్యూటర్ సారు నా లాప్‌టాప్ కూడా పట్టుకుపోతాట్ట. నావీ ఏవో నోట్సున్నాయి. ఆయన నోట్లో నువ్వుగింజ నానదని మీకు తెలుసుగా."

మాస్టారికి పోయిన ప్రాణం లేచొచ్చింది. తన పెళ్ళిపీటల మీద కూడా అంత శ్రద్ధగా కూర్చుని ఉండడు. పది నిమిషాల్లో సాఫ్ట్‌వేర్ ఎక్కించి, పాస్‌వర్డ్ ఎక్కడ కొట్టాలో చూపించాడు.

"ఏ ఫైలు మేడం?"

"అది నేను చూసుకుంటాగా. మీరటు తిరగండి."

తిరిగాడు. గోడకేసి చూస్తూ, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఎంత మంచి మనిషి! ఆరేళ్ళలో ఎప్పుడూ రానంత అభిమానం పొంగుకొచ్చింది. వచ్చే సోమవారం నుంచి అసెంబ్లీలో గడియారం చూడనని ఒట్టు పెట్టుకున్నాడు.

"మాస్టారూ, ఇదేదో డబ్బాలా వచ్చిందేంటి? ఏం నొక్కాలి?"

"ఏముంది మేడం, ఓకే కొట్టేయడమే," అంటూ నవ్వుతూ ఇటు తిరిగాడు.

తెర మీద పెద్ద పెద్ద అక్షరాలు: "'లెక్కల మాస్టారు – నాలుగో భాగం' ఫైలుకు తాళం పడింది."